గ్రహాంతరవాసుల దాడి కథల్లో కళ్ళకు కట్టే వర్ణన ఏది?

గ్రహాంతరవాసుల దండయాత్రను వర్ణించిన పాత నవలల్లో ఏది కళ్ళకు కట్టినట్టు ఉంటుంది, ఎందుకు అని అడిగారు. నా సమాధానం హెచ్.జి. వెల్స్ రాసిన 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్'. 1897లో ధారావాహికగా వచ్చి 1898లో పుస్తకమైన ఈ నవలను నేను మొదట విద్యార్థుల కోసం కుదించిన ప్రతిలో చదివాను. అందులో కథ ఉంది, వర్ణనలు లేవు. చాలాకాలం తర్వాత పూర్తి పాఠం చదివినప్పుడు, ఏం జరగబోతోందో తెలిసి కూడా భయం వేసింది. అక్కడ నిలబడిన మనిషి కంటికి ఎంత ఆనుతుందో అంతే చూపించడం వెల్స్ పద్ధతి. నా దృష్టిలో ఆ వర్ణనల బలమంతా అందులోనే ఉంది.

అంగారకుడి నుంచి వచ్చిన మొదటి సిలిండర్ ఇంగ్లండ్‌లోని వోకింగ్ పట్టణం పక్కన, హార్సెల్ కామన్ అనే బీడులో పడుతుంది. దాని దగ్గరికి అందరికంటే ముందు వెళ్ళిన ఓగిల్వీ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు చూస్తూ ఉండగా, సిలిండర్ గుండ్రటి కొస మీద ఐదు నిమిషాల క్రితం తన వైపున్న నల్లటి మచ్చ అంచుకు అవతలి వైపు కనిపిస్తుంది. అప్పటికీ అతనికి విషయం బోధపడదు. లోపలి నుంచి ఏదో రాపిడి శబ్దం వచ్చి, ఆ మచ్చ మరో అంగుళం మేర కదిలాకే, ఎవరో లోపలి నుంచి మూత విప్పుతున్నారని గ్రహిస్తాడు. ఒక్క జీవి కూడా బయటికి రాకముందే, కేవలం ఒక మచ్చ జరగడంతో ఇంత భయం పుట్టించిన రచన నేను మరొకటి చదవలేదు.

అంగారకవాసుల ఆయుధమైన ఉష్ణకిరణం విషయంలోనూ అంతే. అది కంటికి కనబడదు. తెల్లజెండా పట్టుకుని సంధికి వెళ్ళినవారు ఒక్కొక్కరే తెల్లటి మంటగా మారిపోతారు. వారు తూలి పడిపోవడం కథకుడికి కనిపించేది కూడా ఆ మంటల వెలుగులోనే. పొదలూ పైన్ చెట్లూ వరుసగా భగ్గుమంటూ ఉంటే, కిరణం తన వైపే తిరుగుతోందని అతనికి తెలుస్తుంది.

ఇక అంగారకవాసులు నడిపే మూడు కాళ్ళ యంత్రం. అర్ధరాత్రి గాలివానలో, మెరుపు మెరిసినప్పుడల్లా ఒక్క క్షణం కనిపించి మళ్ళీ చీకట్లో కలిసిపోతుంది. ఇళ్ళకంటే ఎత్తైన ఆ యంత్రాన్ని, విసిరేస్తే నేల మీద దొర్లుతూ పోయే పాలు పితికే ముక్కాలి పీటతో పోలుస్తాడు వెల్స్. అంత భయంకరమైన దానికి అంత మామూలు వస్తువును పోలికగా తేవడం సాహసమే, కానీ ఆ నడక వెంటనే కళ్ళ ముందుకు వస్తుంది. ఈ యంత్రాలను బిగుసుకుపోయిన కొయ్యకాళ్ళలా గీసిన చిత్రకారుణ్ణి నవలలోని కథకుడే తప్పుపడతాడు. వెల్స్‌కు ఆకారం కంటే కదలిక ముఖ్యం.

ఈ నవల రాస్తున్న రోజుల్లో ఆయన వోకింగ్‌లోనే ఉంటూ, సైకిల్ మీద చుట్టుపక్కల తిరిగి ఏయే చోట్లను ధ్వంసం చేయించాలో ఎంచుకున్నారు. ఊళ్ళూ దారులూ అంత కచ్చితంగా ఉండడానికి కారణం అదే. తర్వాత వచ్చే విషపు నల్లపొగ, అంగారకుడి నుంచి వచ్చి నదుల వెంట పాకే ఎర్రటి కలుపు మొక్క కూడా బాగుంటాయి గాని, వాటిలో ఈ పదును నాకు కనిపించలేదు.

సమయం తక్కువగా ఉంటే మొదటి పది అధ్యాయాలు మాత్రం ఆపకుండా చదవండి. నేను చెప్పిన మూడు దృశ్యాలూ వాటిలోనే ఉన్నాయి. కుదించిన ప్రతి మాత్రం వద్దు.