పొలంలో నత్తని మాత్రం తేకు అమ్మలూ

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటో నాకన్నా ముందు మీ అత్త చూసేసింది, పిల్ల రాజమండ్రిలో అద్దింట్లో చెరువు తవ్వేసిందండోయ్ అని ఒకటే నవ్వు. రెండడుగుల అక్వేరియం తొట్టి అన్నావు కదా, అడుగు వెడల్పు అడుగు ఎత్తు అయితే లెక్కకి 56 లీటర్లు, ఇసక రాళ్ళు పోనూ పైన కాస్త ఖాళీ వదిలెయ్యగా ఓ 45 లీటర్ల నీళ్ళు అనుకో. చిన్నదేం కాదు, అలాగని అన్నీ కుక్కేసేంత పెద్దదీ కాదు.

నత్తలున్న తొట్లో ఏ మొక్కలు వెయ్యాలి మావయ్యా అనడిగావు. ముందు నాకు చెప్పు, ఏ నత్త? అందరూ మొక్కల లిస్టు రాసుకుని షాపుకి పోతారు, నత్తని మాత్రం ఏదైతే ఏవిటిలే అని పట్టుకొస్తారు, అక్కడే దెబ్బ తింటారు. నువ్వు కొన్న రెండు పసుపు నత్తలూ మిస్టరీ నత్తలని షాపువాడు చెప్పాడన్నావు కదా, ఓసారి గుల్ల మీద చుట్లు కలిసే చోట చూడు. అక్కడ లోతుగా కాలవ తవ్వినట్టు గాడి ఉంటే అది వేరే జాతి, గోల్డెన్ యాపిల్ నత్త, అది పచ్చగా కనపడిన ప్రతీదీ మేసేస్తుంది. గాడి లేకుండా భుజం తీర్చినట్టు బల్లపరుపుగా ఉంటే మిస్టరీయే, భయం లేదు, అది పాచీ చచ్చిన ఆకులూ తింటుంది గానీ బతికున్న మొక్క జోలికి పెద్దగా పోదు, మరీ ఆకలితో మాడిస్తే తప్ప.

ఇంకో ముక్క, మొన్న ఫోన్లో సంక్రాంతికి వచ్చినప్పుడు మన చేలోంచి నాలుగు నత్తలు పట్టుకెళ్తానన్నావు చూడు, ఆ పని మాత్రం చెయ్యకు తల్లీ. నేను చేసి చూశాను. సార్వా ఊడ్పులప్పుడు గట్టు పక్కన ముద్దుగా కనపడ్డాయని రెండు తెచ్చి వాలిస్నేరియా ఉన్న తొట్లో వేశా, అదే ఆ పొడుగాటి రిబ్బన్ లాంటి నాచు, మన కాలవల్లోనూ కొల్లేట్లోనూ కూడా ఉంటుంది, మూడో రోజుకి చూస్తే మేకలు పడ్డ మడిలా మొదళ్ళు మాత్రం మిగిలాయి. మన చేలో నత్త పనే అది, గడ్డి తినడం. వెనకటికి నీలకంఠ రొయ్యలు వేసినప్పుడు ఆ నత్తల మాంసమే కొట్టి మేతగా వేసేవాళ్ళం, నేను దాన్ని మేతగానే చూశాను గానీ అదే నా తొట్టిని మేసేస్తుందని అనుకోలేదు చూడు. పైగా చేలోంచి వచ్చిన నత్త వొంట్లో ఏ పురుగుమందు ఉందో తెలీదు, చుట్ట చుట్టినట్టు చపటగా ఉండే చెరువు నత్తలైతే పశువులకి గురక జబ్బు అంటించే పురుగుని మోస్తాయి, అలాంటి నీళ్ళలో చేతులు పెడితే మనకీ దురద పుడుతుంది. అదే ఆకారంలో రామ్స్‌హార్న్ అని షాపుల్లో అమ్మేవి తొట్లలో పుట్టి పెరిగినవి, అవి పర్లేదు.

సరే మొక్కలు. నీ లిస్టులో మొదటి పేరు కబోంబా, దాన్ని కొట్టెయ్. చూడ్డానికి నక్క తోకలా బాగుంటుంది కానీ వెలుగు చాలకపోయినా నీళ్ళు వేడెక్కినా ఆకు రాల్చేస్తుంది, మన దగ్గర మే నెల్లో ఫ్యాన్ కింద పెట్టిన తొట్టి కూడా 30 డిగ్రీలు దాటేస్తుంది మరి. ఎర్ర మొక్కలు కూడా ఇప్పుడొద్దు, వాటికి వెలుగెక్కువ కావాలి, గ్యాస్ సిలిండర్ పెట్టాలంటారు, ఆ కార్బన్ డయాక్సైడ్ ఎక్కించేకొద్దీ నీళ్ళు పులుపు తిరుగుతాయి, పులుపు నీళ్ళలో నత్త గుల్ల కరుగుతుంది. మొక్కకి మంచిదే, నత్తకి చేటు. రెండూ కావాలనుకున్నదానివి కాబట్టి గ్యాస్ లేకుండా బతికే మొక్కలే ఎంచుకో.

నా మాటింటే మొదట ఆనూబియాస్ కొను. ఆకు మందం, చిన్న సైజు తోలు చెప్పులా ఉంటుంది, నత్త నమల్లేదు, మెల్లిగా పెరుగుతుంది కాబట్టి ఆకు మీద పాచి పడుతుంది, ఆ పాచిని నత్త నాకేస్తుంది, ఇద్దరికీ పడిన జోడీ అన్నమాట. జావా ఫెర్న్ కూడా అంతే. ఈ రెండిటికీ అల్లంకొమ్ములా అడ్డంగా ఓ దుంప ఉంటుంది చూడు, దాన్ని ఇసకలో పాతావంటే కుళ్ళిపోద్ది, రాయికో చెక్కకో దారంతో కట్టి వదిలెయ్. మిస్టరీ నత్త బరువుకి పాతిన లేత మొక్కలు పైకి లేచిపోతుంటాయి, కట్టిన మొక్కకి ఆ బాధా లేదు.

వెనక వరసకి వాలిస్నేరియా. ఓ మూల హార్న్‌వర్ట్, దానికి వేరే ఉండదు, ఊరికే పడేస్తే చాలు, గరుగ్గా ఉంటుంది కాబట్టి నత్తలకి రుచించదు. పైన తేలడానికి వాటర్ స్ప్రైట్, దాని వేళ్ళ కింద నత్తలు వేలాడుతూ తింటుంటే చూడాలి, టీవీ కట్టేస్తావు. కాకపోతే తేలే మొక్కలు సగానికి మించి కమ్మనివ్వకు, కింద వాటికి వెలుగందదు. అమెజాన్ స్వార్డ్ కావాలంటే ఒక్కటి చాలు, అది పెరిగి తొట్టంతా ఆక్రమించేస్తుంది, అది వేళ్ళతో తినే మొక్క కాబట్టి దాని మొదలు దగ్గర ఓ ఎరువు బిళ్ళ పాతు.

క్రిప్ట్ అని ఇంకోటి అడిగావు, వెయ్యి, కానీ వేసిన వారంలో ఆకులన్నీ జావలా కరిగిపోతాయి, దానిమీద నత్తలు మూగుతాయి, అప్పుడు నువ్వు నాకు ఫోన్ చేసి నత్తలు తినేశాయి మావయ్యా అంటావు. అవి తినలేదే తల్లీ, నర్సరీలో చాలా మొక్కల్ని నీళ్ళ పైన పెంచుతారు, మన తొట్లో ముంచగానే పాతాకు వదిలేసి కొత్తాకు వేస్తుంది, ఆ చచ్చిన ఆకుని నత్తలు శుభ్రం చేస్తున్నాయంతే. వేరు కదపకు, నెల రోజులు ఓపిక పట్టు. కంతలు పడ్డ ఆకు కూడా చాలాసార్లు పొటాష్ తక్కువై పడ్డదే, తిట్లు మాత్రం నత్తకి.

మొక్కలు తేగానే కుండీ తీసేసి వేళ్ళ దగ్గర దూదిలాంటిదంతా పీకెయ్, అందులో మందులుంటాయి. లేత గులాబీ రంగు వచ్చేలా పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీళ్ళలో పది నిమిషాలు ముంచి బాగా కడుగు, వంకాయ రంగు వచ్చేదాకా కలిపితే మొక్క మాడుద్ది. దాంతో జలగలూ పురుగులూ పోతాయి, నత్త గుడ్లు మాత్రం అన్నీ చావవు, ఆకు కింద జిగురు బొట్టులా ఉంటే గోటితో గీకెయ్.

నీళ్ళ సంగతి. మీది కుళాయి నీళ్ళు కదా, తొట్లో పోసే ముందు ఓ రోజు బకెట్లో వదిలెయ్, క్లోరిన్ పోతుంది. ఆగస్టులో గోదారి ఎర్ర నీళ్ళు వచ్చినప్పుడు మీ అమ్మ అలవాటుగా బిందెలో పటిక తిప్పుతుంది చూడు, ఆ నీళ్ళు తొట్లో పొయ్యకు, పటిక నీళ్ళలో క్షారాన్ని తినేస్తుంది, నత్త గుల్ల తెల్లగా పొట్టు లేస్తుంది. టెస్ట్ స్ట్రిప్ కొనుక్కో, పీహెచ్ అంటే నీళ్ళ పులుపూ క్షారం చెప్పే అంకె, అది 7కీ 8కీ మధ్య ఉంటే మొక్కలకీ నత్తలకీ సరిపోతుంది. తక్కువుంటే నాలుగు ఆల్చిప్పలు ఉడకబెట్టి ఫిల్టర్లో పడెయ్, లేదా కటిల్ బోన్ ముక్క, అదే కటిల్ ఫిష్ లోపలుండే తెల్లటి గుల్ల. చెరువుల్లో చల్లినట్టు సున్నం చల్లావో ఒక్క పూటలో పీహెచ్ పైకెగిరి అన్నీ పోతాయి.

చేపలకి మచ్చలొచ్చాయని షాపులో ఏ నీలం మందో ఇస్తే సీసా మీద కాపర్ అని ఉందేమో చదువు. నేనోసారి చదవలేదు, చేపలు బతికాయి గానీ పొద్దున్నే చూస్తే పదకొండు నత్తలు గుల్ల తెరుచుకుని వాసనొస్తున్నాయి, మీ అత్త ఇప్పటికీ దెప్పుతుంది. మొక్కల ఎరువులో ఉండే రవ్వంత రాగికి ఏం కాదు, మందు మోతాదే చంపేది. కల్లుప్పు కూడా పిడికెళ్ళతో వెయ్యకు, మొక్కా నత్తా రెండూ ఏడుస్తాయి.

లైటు రోజుకి ఏడు గంటలు చాలు. వారానికి రెండుసార్లు ఓ బీరకాయ చెక్కో తోటకూర ఆకో మరిగే నీళ్ళలో ముంచి చల్లారాక వెయ్యి, పొద్దున్నే మిగిలింది తీసెయ్. నత్తలు పుట్టలు పుట్టలుగా పెరిగాయంటే మేత ఎక్కువేస్తున్నావని లెక్క. మిస్టరీ నత్త నీళ్ళ పైన గాజుకి గులాబీ రంగు గుడ్ల గుత్తి పెడుతుంది, వద్దనుకుంటే గీకి చెత్తలో వెయ్, మూత మాత్రం ఉంచు, రాత్రి పూట షికారుకెళ్తాయి.

కత్తిరించిన మొక్కలూ మిగిలిన నత్తలూ కాలవలో పారబొయ్యకు. గుర్రపుడెక్క కూడా ఎక్కడినుంచో అందం కోసం తెచ్చుకున్నదే, ఇవాళ మన కాలవలన్నీ ఏమయ్యాయో రోజూ చూస్తున్నాం కదా. ఎండబెట్టి పూల కుండీలో వేసుకో.

గురువారం మీ అత్త ఆస్పత్రి పనిమీద రాజమండ్రి వస్తోంది. తడి పేపర్లో చుట్టి వాటర్ స్ప్రైట్ ఓ గుప్పెడూ, రాయికి కట్టిన ఆనూబియాస్ రెండూ పంపుతున్నా. ఆవిడ బస్సులో ఎండ వైపు కూచుంటుంది, దిగగానే నీళ్ళలో వేసెయ్, తర్వాత కాఫీ ఇవ్వు.

మీ మావయ్య