టీకాల ఫ్రిజ్: పట్టికలో 5 డిగ్రీలు, సీసాలో మంచు

పశువైద్యం: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: మా క్లినిక్‌లో సింగిల్ డోర్ ఫ్రిజ్ వాడుతున్నాం. రోజూ ఉదయం 10కి, సాయంత్రం 6కి థర్మామీటర్ చూసి పట్టికలో రాస్తాం. ఎప్పుడు చూసినా 4, 5 డిగ్రీల మధ్యే ఉంటుంది. అయినా డిసెంబరులో వెనక వరుసలో ఉన్న కుక్కల రేబిస్ టీకా సీసాల్లో మంచు పలుకులు కనిపించాయి. ఎందుకిలా? కరిగాక వాడుకోవచ్చా?
– ప్రైవేట్ పశువైద్యుడు, ఆదిలాబాద్

జవాబు: వాడకండి. రేబిస్ టీకాలో మందుని పట్టి ఉంచేది అల్యూమినియం జెల్. అది ఒక్కసారి గడ్డకడితే రేణువులు ముద్దలై విడిపోతాయి. కరిగించి ఎంత కలిపినా తిరిగి మునుపటిలా కాదు. జబ్బవాపు వంటి జెల్ టీకాలన్నిటిదీ ఇదే తీరు. గాలికుంటు టీకాలో నూనె ఉంటుంది కాబట్టి అక్కడ నూనె, నీరు వేరుపడతాయి. ‘ఎంత చల్లగా ఉంటే అంత మంచిది’ అనే నమ్మకం వల్ల పాడయ్యే సీసాలు తక్కువేమీ కాదు. పైగా వేడికి పాడైనా, చలికి పాడైనా చాలాసార్లు సీసా బయటికి మామూలుగానే కనిపిస్తుంది. మీకు పలుకులు కనిపించడం ఒక రకంగా అదృష్టమే.

ఇక కారణం. మీరు చూసిన రెండు పూటలూ 5 ఉంది, టీకాలకు ఉండాల్సిన 2 నుంచి 8 డిగ్రీల లోపే, నిజమే. తెల్లవారుజామున 4 గంటలకు ఎంతుందో మీ పట్టికకు తెలియదు. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో థర్మోస్టాట్ కనిపెట్టేది సాధారణంగా ఫ్రీజర్ పలక వేడిమిని, టీకాలున్న అరది కాదు. వేసవిలో బయటి వేడి లోపలికి వస్తుంటుంది గనుక పలక చల్లగా ఉన్నా ఆ అరలో వేడిమి 5 దగ్గర నిలబడుతుంది. చలికాలం రాత్రి ఆ వేడి రాదు. మే నెలలో తిప్పిన డయల్ అలాగే ఉంటే అరలో వేడిమి సున్నా వైపు జారుతుంది. డయల్ మీది 1 నుంచి 7 అంకెలు డిగ్రీలు కావు. సాధారణంగా అంకె పెరిగేకొద్దీ చలి పెరుగుతుంది. కాబట్టి వేసవి మొదట్లో ఒకసారి, చలికాలం మొదట్లో ఒకసారి డయల్ సరిచేయాలి. ఒక్క గీత కదిపి, 24 గంటలు ఆగి, అప్పుడు చూడాలి. గంటకోసారి తిప్పితే ఎక్కడా నిలవదు.

పెట్టెలు వెనక గోడకు ఆనకూడదు, కనీసం రెండు వేళ్ల సందు ఉండాలి. ఫ్రీజర్ కింది ట్రేలో, తలుపు అరల్లో, కూరగాయల పెట్టెలో టీకాలు పెట్టొద్దు. ఆ చోట్లలో నీళ్ల సీసాలు నింపండి. కొత్త స్టాకు ఒకేసారి కుక్కితే కంప్రెసర్ ఆగకుండా నడుస్తుంది, వెనకున్న పాత సీసాలు గడ్డకడతాయి. సగానికి మించి నింపకపోతే మేలు.

అదే వరుసలో పలుకులు కనిపించని జెల్ టీకా సీసాలు ఉంటే కుదుపు పరీక్ష చేయండి. అదే కంపెనీ, అదే బ్యాచ్ సీసా ఒకటి ఫ్రీజర్‌లో రాత్రంతా పెట్టి పూర్తిగా గడ్డకట్టించి, తర్వాత కరిగించండి. దాన్నీ, అనుమానం ఉన్న సీసానీ ఒకే చేత్తో కుదిపి, పక్కపక్కన పెట్టి అరగంట గమనించండి. గడ్డకట్టిన దానిలో మడ్డి గబగబా దిగి పైన నీరు తేటపడుతుంది. అనుమానపు సీసా కూడా అంతే వేగంగా తేటపడితే పారేయాల్సిందే. నెమ్మదిగా దిగితే గడ్డకట్టలేదని అర్థం. నూనె టీకాలకు, పొడి టీకాలకు ఈ పరీక్ష పనికిరాదు.

ప్రశ్న: ఎలాంటి థర్మామీటర్ కొనాలి? ఎక్కడ పెట్టాలి? ఇప్పుడున్నది తలుపు తీయగానే 9, 10 చూపిస్తుంది.
– పెంపుడు జంతువుల క్లినిక్ నిర్వాహకురాలు, విజయవాడ

జవాబు: అది చూపిస్తున్నది గాలి వేడిమి. సీసాలోని మందు అంత తొందరగా వేడెక్కదు. తీగ చివర వేడిమిని కనిపెట్టే కొన (ప్రోబ్) ఉండి, గరిష్ఠం, కనిష్ఠం గుర్తుపెట్టుకునే డిజిటల్ థర్మామీటర్ తీసుకోండి. ఖాళీ 30 మిల్లీలీటర్ల సీసాలో మందుల షాపులో దొరికే గ్లిజరిన్ పోసి, రబ్బరు మూతకు రంధ్రం చేసి, ప్రోబ్‌ను అందులో ముంచండి. గోడలకు తగలకుండా మధ్య అరలో, టీకా పెట్టెల నడుమ ఉంచండి. తీగ సన్నదైతే తలుపు బందుల వైపునుంచి బయటికి తీయండి. తర్వాత తలుపు రబ్బరు పట్టు చూడాలి: తలుపులో కాగితం ముక్క ఇరికించి లాగితే బిగువుగా రావాలి, జారిపోకూడదు.

పూటకు మూడు అంకెలు రాయాలి: ఇప్పుడున్నది, కనిష్ఠం, గరిష్ఠం. రాశాక రీసెట్ నొక్కాలి. చాలా చోట్ల తప్పేది ఇక్కడే. నొక్కకపోతే పోయిన వారపు 12 అలాగే నిలిచి ఉంటుంది, రెండు రోజులకు దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆదివారం క్లినిక్‌కు సెలవు, ఫ్రిజ్‌కు కాదు. నెలంతా ఒకే పెన్నుతో 5, 5, 5 అని ఉన్న పట్టిక కనిపిస్తే నెలాఖరున ఒకేసారి కూర్చుని నింపారేమో అనుకోక తప్పదు.

కొన్న రోజున, ఆపై ఆరు నెలలకోసారి థర్మామీటర్‌నూ పరీక్షించండి. గ్లాసు నిండా బాగా నలగ్గొట్టిన ఐసు వేసి, సందులు నిండేంత మాత్రమే నీళ్లు పోయండి. గ్లిజరిన్ లోంచి తీసి తుడిచిన ప్రోబ్‌ను అడుగు తగలకుండా మధ్యలో పెట్టి, కలుపుతూ ఐదు నిమిషాలు ఆగండి. సున్నా చూపాలి. అర డిగ్రీ దాకా తేడా ఉంటే ఎంతుందో స్టిక్కర్ మీద రాసి అతికించండి, మించితే మార్చేయండి.

స్టాకు విలువ ఎక్కువైతే వేడిమిని తనంతట తానే నమోదు చేసే డేటా లాగర్ కొనండి. 10, 15 నిమిషాలకోసారి నమోదయ్యేలా పెట్టండి. పై హద్దు 8 దాటితే అరగంట ఆగి మోగినా నష్టం లేదు. కింది హద్దు 2 తగలగానే మోగాలి. వైఫై మీద నడిచే అలారాలతో ఒక చిక్కు ఉంది: కరెంటు పోతే రౌటరూ ఆగిపోతుంది, కావలసినప్పుడే సందేశం రాదు. బ్యాటరీ, సిమ్ ఉన్నది నయం.

ప్రశ్న: గాలివానకు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా కరెంటు లేదు. గరిష్ఠం 14 చూపింది. గాలికుంటు, పీపీఆర్ (గొర్రెలు, మేకల పారుడు రోగం) టీకాలున్నాయి. పారేయాలా?
– పశుసంవర్ధక సహాయకుడు, మార్కాపురం

జవాబు: తొందరపడి పారేయొద్దు, వాడనూ వద్దు. ‘వాడరాదు’ అని రాసి అదే ఫ్రిజ్‌లో వేరుగా పెట్టండి. బ్యాచ్ నంబరు, కరెంటు పోయిన, వచ్చిన వేళలు, గరిష్ఠం రాసి పై అధికారికీ తయారీ సంస్థకూ పంపి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. 14 ఎంతసేపు ఉందో మీ థర్మామీటర్ చెప్పలేదు. అసలు తేల్చేది ఆ సంగతే. వేడి చేసే నష్టం కూడుతూ పోతుంది. ఇవాళ రెండు గంటలు, వచ్చే వారం మూడు గంటలు అంటే రెండూ లెక్కలోకే వస్తాయి. గాలికుంటు టీకాలో రక్షణనిచ్చేది 146ఎస్ అనే పూర్తి వైరస్ కణం. వేడికి అది 12ఎస్ ముక్కలుగా విడిపోతుంది. మన టీకాలో ఉండే ఓ, ఎ, ఆసియా 1 రకాల్లో ఓ రకం కణం ముందుగా విడిపోతుంది. టీకా వేసిన మందలో ఓ రకం గాలికుంటు వచ్చిందంటే, మిగతా కారణాలతో పాటు ఫ్రిజ్ పట్టిక కూడా తెప్పించి చూడాలి.

ముందు జాగ్రత్తగా మీ ఫ్రిజ్ ఓర్పును కొలిచి పెట్టుకోండి. టీకాలు వేరే ఫ్రిజ్‌లోకి మార్చి, నీళ్ల సీసాలు అలాగే ఉంచి, ఎండ పూట ప్లగ్ తీసేయండి. 8 డిగ్రీలు దాటడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో తలుపు మీద రాయండి. కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకుండా అంతసేపు ఆగొచ్చు. ఆ గడువు తీరకముందే టీకా క్యారియర్‌లోకి మార్చాలి. మంచు పొరల గోడలుండే ఐఎల్ఆర్ (ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్) దొరికితే ఈ బెడద చాలా తగ్గుతుంది. రోజుకు ఎనిమిది గంటల కరెంటున్నా అది నెట్టుకొస్తుంది. దానిలో మాత్రం అడుగు బాగా చల్లన, జెల్ టీకాలు బుట్టల్లోనే పెట్టాలి.

ప్రశ్న: గొర్రెలకు చిటుక రోగం, పీపీఆర్ టీకాలు థర్మోకోల్ పెట్టెలో తెచ్చుకుంటాం. ఫ్రీజర్‌లోని ఐస్ ప్యాకుల మధ్య పెడితే చాలా?
– గొర్రెల పెంపకందారు, మహబూబ్‌నగర్

జవాబు: ఫ్రీజర్ లోంచి తీసిన ప్యాకు సున్నాకు చాలా కిందే ఉంటుంది, దానికి ఆనిన చిటుక టీకా దారిలోనే గడ్డకడుతుంది. ప్యాకు బయటపెట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వచ్చాకే పెట్టెలో సర్దండి. సీసాకూ ప్యాకుకూ మధ్య అట్టముక్క ఉంచండి. పీపీఆర్ పొడిమందుకు గడ్డకట్టడంతో నష్టం లేదు, దాని ద్రావణం సీసా మాత్రం పగులుతుంది. ద్రావణాన్ని ముందురోజే ఫ్రిజ్‌లో చల్లబరచండి. మంద ముందు నిలబడ్డాకే కలపండి, నీడలో ఐసు మీద ఉంచి రెండు గంటల్లోపు వేసేయండి. మిగిలింది రేపటికి పనికిరాదు.

ప్రశ్న: అదే ఫ్రిజ్‌లో రక్తం నమూనాలు, మా టిఫిన్ డబ్బాలు పెట్టుకోవచ్చా?
– క్లినిక్ సహాయకుడు, ఖమ్మం

జవాబు: నమూనాలకు ఇంకో ఫ్రిజ్ కావాలి, రోగం తెచ్చేవి టీకాల పక్కన ఉండకూడదు. టిఫిన్ డబ్బాలు రెండింటిలోనూ వద్దు. వేడి డబ్బా పెట్టిన గంటలో గ్లిజరిన్ సీసాలోని ప్రోబ్ ఎంత ఎగబాకుతుందో ఒకసారి మీరే చూడండి.