ముసురులో పిన్ పార్వతి దాటొచ్చా?

ప్రశ్న: సార్, మాది హసన్‌పర్తి. నాకు 26 ఏళ్లు. నిరుడు జులైలో హిమాచల్ ప్రదేశ్‌లో హమ్టా పాస్ ట్రెక్ చేశాను. బాలూ కా ఘేరా దగ్గర రాత్రంతా గాలివాన. టెంట్‌లోకి నీళ్లొచ్చి బట్టలన్నీ తడిశాయి. తెల్లారేదాకా వణుకుతూ కూర్చున్నాం. అయినా ఆ కొండల మీదే మనసుంది. ఈ ఆగస్టులో నలుగురం కలిసి ఆ రాష్ట్రంలోనే ఉన్న పిన్ పార్వతి కనుమ దాటుదామనుకుంటున్నాం. సామాను మేమే మోసుకుంటాం. గైడ్ అక్కర్లేదంటున్నారు ఫ్రెండ్స్. అమ్మ అసలే వద్దంటోంది. నాకూ టెన్షన్‌గానే ఉంది. వెళ్లాలా, మానాలా?

జవాబు: బిడ్డా, వెళ్లు. కానీ ఆగస్టులో వద్దు, గైడ్ లేకుండా అసలే వద్దు. సెప్టెంబర్ రెండో వారం దాటాక చూసుకో.

ఎందుకో చెబుతాను. బర్షైణీ దగ్గర నడక మొదలుపెట్టి ఖీర్‌గంగా, మంతలాయి సరస్సు మీదుగా 5,319 మీటర్ల కనుమ ఎక్కి, అవతల స్పితి వైపు ముధ్ ఊళ్లో దిగాలి. దాదాపు వంద కిలోమీటర్లు, పది రోజుల పని. స్పితి వైపు వాన తక్కువ. పార్వతి లోయలో మాత్రం ఆగస్టంతా ముసురే. అంటే మొదటి వారం తడుస్తూనే నడవాలి, ఆ అలసటతోనే హిమానీనదం మీద అడుగు పెట్టాలి. అక్కడ మంచు కింద పగుళ్లుంటాయి. తాడు కట్టుకుని, దారి తెలిసినవాళ్ల వెనక నడవాల్సిన చోటది.

నేను కాజీపేటలో రైలు నడిపినవాణ్ని. సెలవు దొరికితే కొండలకు పోయేవాణ్ని. ఒకసారి ఇదే లోయలో, ఖీర్‌గంగా దాటాక, పొద్దున్నుంచీ వాన. నా స్నేహితుడు జీన్స్ ప్యాంటు, నూలు బనియన్‌తో నడుస్తున్నాడు. మధ్యాహ్నం దాకా గజగజ వణికాడు. తర్వాత వణుకు ఆగింది. హమ్మయ్య, తేరుకున్నాడనుకున్నాను. కాసేపటికి బూటు లేసు కట్టుకోలేకపోయాడు. మాట ముద్దగా వచ్చింది. బండ మీద కూర్చుని, ‘నిద్రొస్తోంది, మీరు పొండి’ అన్నాడు. అప్పుడు నాకు భయం పట్టుకుంది. అక్కడే టెంట్ వేసి, తడి బట్టలన్నీ విప్పి, పొడివి తొడిగి, స్లీపింగ్ బ్యాగ్‌లో పడుకోబెట్టాం. మింగగలడని చూసుకుని గోరువెచ్చని చక్కెర నీళ్లు గుక్క గుక్కగా పట్టాం. రెండు గంటలకు మళ్లీ వణుకు మొదలైంది. ఆ వణుకు చూసి నాకు ఏడుపొచ్చింది. పొద్దున బయల్దేరేటప్పుడే అతని బట్టలు నేను చూడాల్సింది, చూడలేదు.

ఒంటి లోపలి వేడి మామూలుగా 37 డిగ్రీలు. 35 కంటే దిగిందంటే ప్రమాదం మొదలైనట్టే. వణుకు అంటే ఒళ్లు తన వేడి తాను పుట్టించుకోవడం. చలి తగ్గకుండానే అది ఆగిందంటే ఒంట్లో శక్తి అయిపోయిందని అర్థం. అలాంటప్పుడు కాళ్లూ చేతులూ గట్టిగా రుద్దొద్దు. రమ్ము అసలే వద్దు. తాగితే వెచ్చగా అనిపిస్తుంది గానీ లోపలి వేడి చర్మంలోంచి బయటికి పోతుంది.

వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. మన దగ్గర 30 ఉన్న రోజు ఆ కనుమ మీద సున్నాకు కిందే అనుకో. దానికి తడీ, గాలీ తోడైతే ఎట్లుంటుందో ఆలోచించు. మన గొల్ల కురుమలు ముసురులో గొంగడి కప్పుకుని మంద వెంట తిరగడం చూసే ఉంటావు. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. నూలు నిలపదు. కాబట్టి ఒంటికి ఉన్ని గానీ పాలిస్టర్ గానీ.

సంచికి రెయిన్ కవర్ ఒక్కటే చాలదు. వీపు వైపు నుంచి నీళ్లు దిగుతాయి. సంచి లోపలే మందపాటి ప్లాస్టిక్ కవర్ పరిచి, దాంట్లో స్లీపింగ్ బ్యాగ్, ఒక జత పొడి బట్టలు పెట్టి మూతి మెలితిప్పి కట్టు. ఆ జత టెంట్‌లో తప్ప తొడగొద్దు. మర్నాడు పొద్దున మళ్లీ ఆ చల్లని తడి బట్టలే వేసుకుని నడవాలి. ప్రాణం మీదికొచ్చినట్టుంటుంది. అయినా నడక మొదలుపెడితే పది నిమిషాల్లో ఒళ్లు వేడెక్కుతుంది. పొడి జత తడిపావంటే రాత్రికి నీకేమీ మిగలదు.

మెరుపు కనిపించాక ఉరుముకు లెక్కపెట్టు. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు దూరం. 30 లోపే ఉరిమితే గట్టు మీంచి దిగిపోవాలి. ఒంటరి చెట్టు కిందికి పోవద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. మంచు కరిగి వచ్చే వాగులు పొద్దున్నే తక్కువగా ఉంటాయి, అప్పుడే దాటాలి. దాటేటప్పుడు సంచి నడుము బెల్టు విప్పుకో. పడితే సంచి వదిలేయగలగాలి.

గైడ్ ఉంటే అన్నీ ఆయనే చూసుకుంటాడని కూడా అనుకోవద్దు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లో సహస్రతాల్‌కు వెళ్లిన 22 మంది బృందం మంచు గాలివానలో చిక్కుకుంది. తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లతో గైడ్లు ఉన్నారు. అందుకే ఏ గంటకు వెనక్కి తిరగాలో ముందు రాత్రే నలుగురూ ఒప్పుకోండి. ఎర్ర సిగ్నల్ పడ్డాక బండి ఆపాలా వద్దా అని మేం ఏనాడూ ఓటు వేయలేదు. రెండు రోజుల తిండి అదనంగా మోసుకుంటే, ఆగిపోవడానికి మనసు ఒప్పుకుంటుంది.

ఈ లోపు పన్నెండు కిలోల సంచితో దేవునూరు ఇనుపరాతి గుట్టలు ఎక్కి దిగు, అదీ ముసురు పట్టిన రోజున. ఒక రాత్రి పెరట్లో వానలో టెంట్ వేసుకుని పడుకో. ఏ రోజు ఎక్కడుంటావో, ఏ తేదీ దాకా ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలో కాగితం మీద రాసి అమ్మ చేతికివ్వు. ఆమె భయం న్యాయమైనదే.

ప్రశ్న: మాది ములుగు. మా అబ్బాయి ఫ్రెండ్స్‌తో ముత్యాలధార జలపాతానికి పోతానంటున్నాడు. వాన లేని రోజు పంపొచ్చా?

జవాబు: మీ నెత్తి మీద వాన లేకపోయినా ఎగువన ఉండొచ్చు. 2023 జులైలో అక్కడికి వెళ్లిన సుమారు 80 మంది, తిరిగొచ్చే దారిలో వాగు పొంగి అడవిలో చిక్కుకుపోయారు. సహాయ బృందాలు వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. ఆ రోజుల్లోనే మీ జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. అటవీశాఖ వాళ్లు వద్దంటే పంపకండి. వానలు తెరిపిచ్చి నాలుగు రోజులయ్యాక, వెంకటాపురం వైపు తెలిసినవాళ్లను అడిగి పంపండి. వాగు నీళ్లు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా జలపాతం చూడకుండానే తిరిగి రమ్మనండి. అప్పటికే దాటలేనట్టుంటే ఎత్తైన గట్టు మీద రాత్రంతా కూర్చోమనండి. వాగులో మాత్రం దిగొద్దనండి.