సైన్యరహితమా, నిరాయుధమా?

సందేహం: ఉత్తర, దక్షిణ కొరియాల నడుమ ఉన్న ‘డీమిలిటరైజ్డ్ జోన్’ను ఒకచోట ‘సైనిక రహిత ప్రాంతం’ అనీ, మరోచోట ‘నిరాయుధ మండలం’ అనీ చదివాను. ఏది సరైనది? అక్కడ ఇన్ని తుపాకులుండగా ఆ పేరు ఎలా పొసగుతుంది?

సమాధానం: రెండో ప్రశ్న తేలితే మొదటిదీ తేలుతుంది. ఈ పేరు చెప్పేది ఒడంబడికను, కంటికి కనబడే స్థితిని కాదు. 1953 జూలై 27న పన్‌మున్‌జొంలో యుద్ధవిరమణ ఒప్పందం కుదిరింది. ఇరుపక్షాల సేనలూ విభజన రేఖ నుంచి రెండేసి కిలోమీటర్లు వెనక్కి తగ్గాయి. అలా ఏర్పడిన నాలుగు కిలోమీటర్ల వెడల్పు పట్టీ సుమారు 250 కిలోమీటర్ల పొడవున ద్వీపకల్పానికి అడ్డంగా సాగుతుంది. అందులో సైన్యాన్ని మోహరించకూడదన్నది మాట. పట్టీకి అటూ ఇటూ సేనలు కిక్కిరిసి ఉన్నా, లోపల మందుపాతరలు నేటికీ మిగిలే ఉన్నా ఆ పేరు చెల్లుతుంది. వియత్నాంలో 1954 జెనీవా ఒప్పందాల మేరకు బెన్‌హై నది వెంట ఏర్పడిన మండలమూ ఇలాంటిదే. తర్వాతి యుద్ధంలో అక్కడే బాంబులు కురిశాయి. మాట తప్పారు గాని, పేరు మారలేదు.

కాబట్టి ‘సైన్యరహిత’ అన్నదే నా ఓటు. సైన్యం చేత రహితం, తృతీయా తత్పురుషం; సమాసం గనుక విడదీయకుండా కలిపి రాయాలి. ‘సైనికరహిత’ తప్పు కాదు. అయితే ఒక్క సైనికుడూ కానరాని చోటు అనే భ్రమ కలిగిస్తుంది. ‘నిస్సైనికీకృత’ అంటే మూలంలోని ‘తొలగించిన’ అనే అర్థం చక్కగా దక్కుతుంది కాని, వార్త చదివేవారి నోరు తిరగదు.

‘నిరాయుధ’ను మాత్రం తేలిగ్గా కొట్టిపారేయలేను. కొరియన్లు ఆ పట్టీని ‘బిముజాంగ్ జిదే’ అంటారు. ‘ముజాంగ్’ అంటే ఆయుధాలు ధరించడం, ‘బి’ అంటే కానిది. వారి మాటకు అచ్చమైన అనువాదం ఇదే! అయినా మనకు ‘నిరాయుధీకరణ’ అనేది ఆయుధాలను తగ్గించుకోవడం, వదులుకోవడం అనే అర్థంలో ఎప్పుడో స్థిరపడింది. రెండింటినీ కలిపితే పాఠకుడు తికమకపడతాడు.

‘తటస్థ ప్రాంతం’ అని రాసేవారూ ఉన్నారు, అది వద్దు. తటస్థత ఎవరి పక్షమూ వహించకపోవడం. ఇక్కడి విషయం సేనలను నిలపకపోవడం.

‘మండలం’ అంటే పాలనా విభాగం స్ఫురిస్తుందనుకుంటే ‘ప్రాంతం’ అనండి, ఇబ్బంది లేదు.

కంప్యూటర్ నిపుణులు కూడా ఈ మాటను అరువు తెచ్చుకున్నారు. సంస్థ లోపలి నెట్‌వర్క్‌కూ బయటి ఇంటర్నెట్‌కూ మధ్య, అందరికీ అందుబాటులో ఉండాల్సిన సర్వర్లను వేరుగా ఉంచే భాగానికి వారు పెట్టుకున్న పేరు ‘డీఎంజెడ్’, అంటే ‘డీమిలిటరైజ్డ్ జోన్’కు పొట్టి రూపం. అక్కడ సైన్యం ఊసే లేదు కనుక ‘సైన్యరహిత’ అని అనువదిస్తే నవ్వులపాలే. ‘నడిమి వలయం’ అనవచ్చు, లేదా డీఎంజెడ్ అనే ఉంచవచ్చు.