కాపర్ తీసేసినా కాటినేన్ రింగులు ఎందుకు విడిపోవు?

కాటినేన్ అంటే గొలుసు లింకుల్లా ఒకదాంట్లో ఒకటి దూరిన రెండు రింగులున్న అణువు. దాన్ని కాపర్ సాయంతో తయారుచేస్తారు. "రెండు రింగుల్నీ పట్టి ఉంచేది కాపరే కదా, దాన్ని తీసేస్తే ఊడిపోవాలి కదా?" అని అడిగారు. పీహెచ్‌డీలో ఈ అణువులతోనే కుస్తీ పట్టాను కాబట్టి చెబుతున్నా, ఊడవు. కాపర్ అవసరం రింగులు మూసుకునేదాకానే. ఆ తర్వాత అవి గొలుసులో లింకులు. విడదీయాలంటే ఏదో ఒక రింగులో సమయోజనీయ బంధం తెగాల్సిందే.

1960లో వాసర్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త టెంప్లేట్ (ముక్కల్ని సరైన చోట పట్టి ఉంచే ఆధారం) లేకుండా కాటినేన్ చేసినప్పుడు అంతా అదృష్టమే. దిగుబడి ఒక శాతం కూడా రాలేదు. 1983లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో రసాయన శాస్త్రవేత్త సొవాజ్ బృందం టెంప్లేట్‌గా ప్లస్ వన్ కాపర్ అయాన్ వాడింది. దానికి టెట్రాహెడ్రల్ ఆకారంలో (నాలుగు మూలల పిరమిడ్‌లా) నాలుగు నైట్రోజన్లు కావాలి, ఒక్కో ఫినాంథ్రోలిన్ (రింగులో భాగమయ్యే చదునైన ముక్క) రెండేసి ఇస్తుంది. అందుకని రెండు ఫినాంథ్రోలిన్లు ఒకదానికొకటి లంబంగా కూర్చుంటాయి. ఒకటి ముందే రింగులో ఉంటే, రెండోది ఆ రింగులోంచి దూరి ఉండక తప్పదు.

ఈ దశ చూడ్డానికి బాగుంటుంది, కలిపీ కలపగానే ఫ్లాస్కులో ముదురు ఎరుపు. అసలు టెన్షన్ రెండో రింగు మూయడంలో. కొసలు రెండూ తమలో తాము కలవకుండా పక్క అణువును పట్టుకున్నాయంటే మిగిలేది జిగురే. అందుకే బాగా పలచని ద్రావణంలో, సిరంజి పంపుతో చుక్కచుక్కగా పోస్తాం. సొవాజ్ వాళ్లకు ఈ దారిలో 42 శాతం వచ్చింది, రెండు రింగుల్నీ ఒకేసారి మూస్తే 27. 1997లో అదే కాపర్ టెంప్లేట్ ఉంచి, మూయడానికి మాత్రం గ్రబ్స్ ఉత్ప్రేరకం (కొసల్లోని ద్విబంధాల్ని కలిపి రింగు మూసేది) వాడితే 92 శాతం. అంటే దిగుబడి పోతున్నది టెంప్లేట్ దగ్గర కాదు.

కాపర్‌ని పొటాషియం సయనైడ్‌తో లాగేస్తారు, ఎరుపు పోతుంది. ఆ రోజు మా ల్యాబ్‌లో ఎవర్నీ ఒంటరిగా వదిలేవాళ్లు కాదు. ఆ హుడ్ (విషవాయువుల్ని బయటికి లాగే గూడు) దరిదాపుల్లో ఆమ్లం సీసా ఉండకూడదు, సయనైడ్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది.

మీ సందేహానికి గట్టి సాక్ష్యం మాస్ స్పెక్ట్రం, అంటే అణువులూ వాటి ముక్కలూ ఎంత బరువున్నాయో చూపే గ్రాఫ్. కాపర్ తీసేసిన శాంపిల్లో మొత్తం కాటినేన్ బరువు దగ్గర ఒక పీక్, ఆ తర్వాత నేరుగా ఒక్క రింగు బరువు దగ్గర ఇంకోటి. మధ్యలో దాదాపు ఖాళీ. ఒక రింగు ఎక్కడ తెగినా రెండోది చెక్కుచెదరకుండా జారిపోతుంది మరి. అదే బరువున్న ఒకే పెద్ద రింగయితే మధ్యలో రకరకాల ముక్కలు కనబడతాయి.