నా కూతురి డిస్లెక్సియాను నగగా చేసి అమ్మవచ్చా?

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. మాటల్లో చాలా చురుకు. చదవమంటే మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంది. దీర్ఘాలు, ఒత్తులు వదిలేస్తుంది. వేసవి సెలవుల్లో పరీక్షలు చేయిస్తే డిస్లెక్సియా అన్నారు. నేను ఇంట్లో టెర్రకోట నగలు చేసి అమ్ముతుంటాను. తను తిప్పి రాసిన అక్షరాలనే పెండెంట్లుగా చేసి, పాప సంగతి కార్డు మీద రాసి అమ్మితే నలుగురికీ దీని గురించి తెలుస్తుందనుకున్నాను. ఓ పన్నెండు చేశాను, ఇంకా కాల్చలేదు. పాపకు చూపిస్తే ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయింది. మా అత్తగారేమో ‘ఆడపిల్ల లోపాన్ని ఊరంతా చాటుతావా’ అంటున్నారు. మావారు ఏ మాటా అనరు. నేను చేసేది తప్పా?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, నగ చేయండి. కానీ ఆ పన్నెండింటినీ కాల్చకండి.

మీరు తిప్పి రాసిన అక్షరంలో అందం చూశారు. పాప మాత్రం దాని చుట్టూ టీచరు పెట్టిన ఎర్ర సున్నాను చూసింది. బళ్లో రోజూ ఏ తప్పుకు తల దించుకుంటోందో, అదే ఇంట్లో అమ్మ చేతిలో బొమ్మై కనిపించింది. అది ఎవరి మెడలోనో వేలాడుతుందని కూడా విన్నది. మాట్లాడకుండా వెళ్లిపోవడమే ఆ పిల్ల ఇచ్చిన జవాబు.

పైగా ఆ గుర్తు డిస్లెక్సియాకు సరైనదీ కాదు. ఈ పిల్లలకు అక్షరాలు తలకిందులుగా కనబడతాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. రాయడం నేర్చుకునే కొత్తలో, సుమారు ఏడేళ్ల దాకా, చాలామంది పిల్లలు అక్షరాలు తిప్పి రాస్తారు. డిస్లెక్సియాలో చిక్కు ఎక్కువమందికి కంటిలో ఉండదు. విన్న మాటను ధ్వనులుగా విడగొట్టడం, ఆ ధ్వనిని గుర్తుతో వేగంగా జతచేయడం మెదడుకు కష్టమవుతుంది. అందుకే తెలుగు చదివే పిల్లల్లో అది హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా పోవడంగా, గుణింతం గుర్తులు, ఒత్తులు జారిపోవడంగా, ఒక్క వాక్యానికే అలసిపోవడంగా బయటపడుతుంది. మీరు రాసిన లక్షణాలు సరిగ్గా ఇవే. తెలివితేటలకూ దీనికీ సంబంధం లేదు. మీ పెంపకానికీ, కడుపుతో ఉన్నప్పుడు మీరు తిన్నదానికీ కూడా లేదు. చాలా కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది.

కాల్చలేదు కాబట్టి ఆ పెండెంట్లను పాప ముందే నీళ్ల గిన్నెలో వేయండి. బాగా ఎండి ఉంటే కాసేపట్లో విడిపోతాయి. సగం పచ్చిగా ఉంటే నానడానికి ఎక్కువసేపు పడుతుంది కాబట్టి పూర్తిగా ఎండాకే వేయండి. అప్పుడు ఒక్క మాట చాలు: “తల్లీ, నిన్ను అడక్కుండా చేశాను. అవి వద్దు. నీకు ఇష్టమైతే ఇద్దరం కలిసి ఇంకోటి చేద్దాం.” ఆ మాటకు వివరణలు తగిలించకండి. వెంటనే ఒప్పుకోవాలని ఎదురుచూడనూ వద్దు. ‘వద్దు’ అంటే ఆ నెలకు వదిలేయండి.

ఒప్పుకుంటే ఏం చేయాలి? పాపకు చిక్కు ధ్వనిలో ఉంది కాబట్టి నగను కూడా ధ్వనితోనే కట్టండి. మన ఛందస్సులో గురువు, లఘువు ఉన్నాయి కదా. మాత్ర అంటే అక్షరం పలకడానికి పట్టే కాలానికి కొలత. పొట్టిగా పలికే లఘువు ఒక మాత్ర, సాగే గురువు రెండు మాత్రలు. లఘువుకు గుండ్రని పూస, గురువుకు పొడవాటి పూస పెడితే ఏ తెలుగు మాటైనా దండ అవుతుంది. చిలుక అంటే మూడు గుండ్రని పూసలు. తామర అంటే ఒక పొడవు, రెండు గుండ్రనివి. సీతాకోకచిలుక అంటే మూడు పొడవులు, నాలుగు గుండ్రనివి. అందులో పాప అక్షరం రాయక్కర్లేదు, చదవక్కర్లేదు. చప్పట్లు కొడుతూ మాట పలికి, ఎక్కడ సాగిందో విని, ఆ పూస తీసుకుంటే చాలు. వదిలేస్తున్న దీర్ఘం ఇక్కడ చేతికి తగులుతుంది.

ఒక జాగ్రత్త. ఛందస్సు నియమం ప్రకారం సున్న ఉన్న అక్షరమూ, ఒత్తు అక్షరానికి ముందున్న అక్షరమూ గురువులే. ‘అమ్మ’లో ‘అ’ హ్రస్వమే అయినా పొడవు పూస అవుతుంది. మొదటే ఇలాంటి మాట ఇస్తే పాప దాన్ని దీర్ఘం అనుకుని ఇంకా గందరగోళపడుతుంది. కాబట్టి మొదటి నెల ఒత్తులు, సున్నలు లేని మాటలే తీసుకోండి: జామ, కాకి, మామిడి, గోదావరి. పొడవు పూస అంటే దీర్ఘం అని చెవికి గట్టిపడ్డాక చందమామ (పొడవు, గుండ్రం, పొడవు, గుండ్రం), బతుకమ్మ (రెండు గుండ్రం, పొడవు, గుండ్రం) లాంటివి చేయండి. ఏ మాట ఎంచుకోవాలన్నది పాప ఇష్టం. మీకు నచ్చిన మాటను ఆమె నోట పలికించకండి.

మట్టి పని మీకు వచ్చినదే. పాప చేతితో చేసేటప్పుడు మారేవి మాత్రం రాస్తున్నాను. మట్టిని కంటి అందాజాతో పంచకండి. చిన్న డిజిటల్ తూకం మీద రెండు గ్రాముల ఉండలు చేయించండి. ఒక ఉండ లఘువు, సుమారు 12 మిల్లీమీటర్ల గోళీ అవుతుంది. రెండు ఉండలు కలిపి చుడితే గురువు. 10 మిల్లీమీటర్ల మందంలో సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవు వస్తుంది. ఒక మాత్రకు రెండు గ్రాములు, రెండు మాత్రలకు నాలుగు గ్రాములు అన్నది పాప తన చేత్తోనే తూస్తుంది. సీతాకోకచిలుకకు మొత్తం 20 గ్రాముల మట్టి చాలు. కానీ విరిగేవి ఉంటాయి, ప్రతి రకంలో రెండు అదనంగా చేయండి.

రెండు ఉండలను కలిపేటప్పుడే తప్పు జరుగుతుంది. పిల్లలు వాటిని ఒకదానిమీద ఒకటి అదిమి చుట్టేస్తారు, మధ్యలో గాలి చిక్కుకుంటుంది. కాల్చేటప్పుడు అతుకు దగ్గర విడిపోతుంది, ఒక్కోసారి పగులుతుంది. అందుకే రెండింటినీ ముందు పూర్తిగా పిసికి ఒకే ముద్ద చేశాక చుట్టమనండి. అరచేతులతో ఎక్కువసేపు చుట్టినా చివర్లు లోపలికి గుంటపడతాయి. అరచేతికి బదులు చిన్న చెక్కపలకతో నాలుగుసార్లు దొర్లిస్తే సరిపోతుంది.

రంధ్రాన్ని వెంటనే పొడవకండి. అరగంట నుంచి గంట ఆరనిస్తే పూస నొక్కుకుపోదు. మూడు మిల్లీమీటర్ల అల్లికసూది తీసుకుని ఒక వైపు నుంచి సగం, రెండో వైపు నుంచి సగం తిప్పుతూ దించాలి. ఒకే వైపు నుంచి పొడిస్తే అవతలి అంచు చిట్లుతుంది. మట్టి ఎండి కాలేసరికి సుమారు పదోవంతు కుంచించుకుపోతుంది, రంధ్రం కూడా దానితోపాటే. కొబ్బరి ఈనెతో చేసిన సన్నని రంధ్రంలో తర్వాత దారం దూరకపోతే పాప ఉత్సాహం అక్కడే చచ్చిపోతుంది.

నీడలో వారం ఎండనివ్వండి. రోజూ ఒకసారి తిప్పాలి, ఫ్యాను గాలి నేరుగా తగలకూడదు. పొడవు పూసలు ఆలస్యంగా ఎండుతాయి. చెంపకు ఆనిస్తే చల్లగా ఉన్న పూసలో ఇంకా తడి ఉన్నట్టే. తడి పూస నిప్పులోకి వెళితే లోపలి నీరు ఆవిరై పగలగొడుతుంది. పిల్లలు చేసిన పూసలను మీ ఇంట్లో ఊక నింపి కాల్చే కుండలో కంటే కుమ్మరి కుండలు కాల్చే ఆవంలో, లేదా మట్టి కాల్చే బట్టీ ఉన్నవాళ్ల దగ్గర కాల్పించడం మేలు. వేడి నెమ్మదిగా పెరుగుతుంది, నష్టం తక్కువ. వంటింటి ఓవెన్ ఇచ్చే 250 డిగ్రీలు దీనికి చాలవు. అందులో గట్టిపడినట్టే కనిపించినా నీళ్లలో వేస్తే మళ్లీ మట్టే. అనుమానం ఉంటే అదనంగా చేసిన ఒక పూసను రాత్రంతా నీళ్లలో ఉంచి చూడండి. నిప్పు దగ్గర పాపకు పని పెట్టవద్దు.

రంగులు పాపవే. సీసం లేని యాక్రిలిక్ రంగు రెండు పలుచని పూతలు వేయించి, ఒక రోజు ఆరాక మ్యాట్ వార్నిష్ వేయండి. ఒక మిల్లీమీటరు మైనపు నూలు తాడును 70 సెంటీమీటర్లు కత్తిరించి, పూసకూ పూసకూ మధ్య ముడి వేయండి. ముడులకే ఎనిమిది సెంటీమీటర్ల దాకా పోతుంది. ముడి లేకపోతే పూసలు ఒకదానికొకటి తగిలి అంచులు రాలతాయి, మాటలో అక్షరాలూ విడిగా తెలియవు. ఒకే మాటను రెండుసార్లు గుచ్చితే మధ్యలో చిన్న ఇత్తడి పూస పెట్టండి. పిల్లలు ఆటల్లో వేసుకునేది గనుక, లాగితే విడిపోయే అయస్కాంతపు కొక్కెం పెట్టండి. చంటిపిల్లలు ఉన్న ఇంట్లో ఆ అయస్కాంతం చాలా ప్రమాదం, మింగేస్తారు. అలాంటి ఇంట్లో సులభంగా ఊడే ప్లాస్టిక్ కొక్కెం వాడాలి.

పాపతో కూర్చునేది ఒక్కో విడత ఇరవై నిమిషాలు దాటనివ్వకండి. ‘ఉండ చేసి, చుట్టి, పక్కన పెట్టి, రెండోది తీసుకో’ అని ఒకేసారి చెబితే ఇలాంటి పిల్లల్లో చాలామందికి మొదటిదో చివరిదో మాత్రమే గుర్తుంటుంది. ఒక పని చేసి చూపించండి, అది అయ్యాక రెండోది. డిస్లెక్సియా ఉన్నవాళ్లంతా చేతి పనిలో, బొమ్మల్లో దిట్టలనే మాటను కూడా నమ్మకండి. కొందరికి వేళ్ల పట్టు కూడా కష్టమే. పూస వంకరగా వస్తే వంకరగానే గుచ్చండి. మీరు సరిచేశారంటే అది మళ్లీ ఎర్ర సున్నా అవుతుంది.

ఇక అమ్మకం. మొదటి దండ పాపది, దానికి ధర లేదు. తర్వాత ‘మీ పేరుకు దండ’ అని అమ్మండి. రాధిక అంటే పొడవు, రెండు గుండ్రం. సుబ్బారావు అంటే మూడు పొడవులు, ఒక గుండ్రం. కార్డు మీద ఆ మాటనూ, పూసల వరుస ఎలా పలుకుతుందో రెండు వాక్యాలూ రాయండి. డిస్లెక్సియా గురించి రాయాలనుకుంటే విషయం రాయండి: అది ధ్వనికి సంబంధించిన ఇబ్బంది, బద్ధకం కాదు, సరైన బోధనతో చదువు మెరుగుపడుతుంది. పాప పేరు, ఫోటో, బడి పేరు, ‘మా అమ్మాయికి’ అన్న మాట ఏవీ ఉండకూడదు. ఇవాళ తొమ్మిదేళ్ల పిల్ల తలూపినా పద్నాలుగో ఏట అదే కార్డు స్నేహితురాలి ఫోన్లో కనబడితే తట్టుకోలేకపోవచ్చు. ఒకసారి బయటకు పోయినదాన్ని మీరు వెనక్కి తేలేరు. పెద్దయ్యాక చెప్పుకోవాలనుకుంటే ఆమే చెప్పుకుంటుంది.

మీ అత్తగారి మాటలో ‘లోపం’ అన్నది తప్పు. కానీ ‘ఊరంతా చాటవద్దు’ అన్నది ఈ విషయంలో పాప మనసుకు దగ్గరగా ఉంది. అదే ఒప్పుకోండి: “అత్తయ్యగారూ, పేరు పెట్టి చాటనండీ, మీరన్నది నిజమే. కానీ ఇంట్లో మాత్రం దీన్ని లోపం అనొద్దు, పాప వింటోంది.” తర్వాత ఆవిడకే ఒక పని అప్పగించండి. చెమ్మచెక్క ఆడించిన చేతులు కదా, మాటకు చప్పట్లు కొట్టి ఎక్కడ సాగిందో అడిగే పని ఆవిడకంటే ఎవరికి బాగా వస్తుంది? మీవారిని మాత్రం ఒంటరిగా, నెమ్మదిగా అడగండి, చిన్నప్పుడు ఆయనకు చదవడం ఎలా ఉండేదని. ఇలాంటి ఇళ్లలో తండ్రి మౌనం వెనక ఒక్కోసారి తన బడి రోజులు ఉంటాయి. అదే అయితే ఆయన పాపతో చెప్పే రెండు మాటలు మీ నగ కంటే ఎక్కువ పనిచేస్తాయి.

ఈ పూసలు చదువు నేర్పవు, ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. పాపకు కావలసింది ధ్వనిని, గుర్తును వరుసగా, మెట్టు మెట్టుగా నేర్పే ప్రత్యేక బోధన, రోజూ అరగంటైనా. శామ్యూల్ ఆర్టన్, అన్నా గిల్లింగ్‌హామ్ పేర్లతో ప్రసిద్ధమైన పద్ధతి అలాంటిదే: చూస్తూ, వింటూ, పలుకుతూ, వేలితో రాస్తూ ఒకేసారి నేర్పుతారు. స్పెషల్ ఎడ్యుకేటర్‌ను ఎంచుకునేటప్పుడు తెలుగుకు కూడా ఇలా నేర్పుతారా, ఇంగ్లీషుకేనా అని అడగండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉంది, డిస్లెక్సియా అందులోకే వస్తుంది. ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి లాంటి వెసులుబాట్లు అడగవచ్చు. సీబీఎస్ఈలో మూడు గంటల పేపరుకు గంట అదనంగా ఇస్తారు. మీ బడి ఏ బోర్డుదో దాని నిబంధనలు ఇప్పుడే అడిగి తెలుసుకోండి, పదో తరగతి దాకా ఆగవద్దు.

ఈలోపు పాప ‘నేను మొద్దుని’ అని పదే పదే అంటున్నా, బడికి వెళ్లే పొద్దుటిపూట మాత్రమే కడుపునొప్పి, వాంతులు వస్తున్నా, నిద్ర తగ్గినా, ఇష్టమైన ఆటలు కూడా మానేసినా నగల పని ఆపేసి, రెండు వారాలకు మించి ఆలస్యం చేయకుండా పిల్లల సైకాలజిస్టుకు చూపించండి. ‘నేను లేకపోతే బాగుంటుంది’ లాంటి మాట ఒక్కసారి అన్నా అదే రోజు తీసుకెళ్లండి.