వినియోగమా, వినిమయమా? వెబ్లెన్ మాటలకు తెలుగు

సందేహం: అమెరికా ఆర్థికవేత్త థోర్‌స్టీన్ వెబ్లెన్ మీద వ్యాసం రాస్తున్నాను. ఆయన విమర్శించిన జీవన విధానాన్ని 'వస్తు వినిమయ సంస్కృతి' అన్నాను. అది తప్పని ఒక మిత్రుడు అంటున్నారు. పత్రికల్లో ఆ మాట చాలాసార్లు చూశాను మరి. హోదా చాటుకోవడానికి చేసే ఖర్చుకు ఆయన పెట్టిన 'కాన్‌స్పిక్యువస్ కన్సంప్షన్' అనే పేరును 'ప్రస్ఫుట వినియోగం' అనవచ్చా? తేలిగ్గా 'దుబారా' అంటే సరిపోదా?

సమాధానం: మీ మిత్రుడిదే సరైన మాట. వినిమయం అంటే ఇచ్చిపుచ్చుకోవడం. 'మేఙ్' ధాతువుకు మార్పిడి అని అర్థం. దానికి వి, ని అనే ఉపసర్గలు చేరాయి. రఘువంశం మొదటి సర్గలో దిలీపుడు యజ్ఞం కోసం భూమిని, ఇంద్రుడు పంటల కోసం ఆకాశాన్ని పిండి 'సంపద్వినిమయం'తో రెండు లోకాలనూ పోషించారని కాళిదాసు అన్నది ఈ అర్థంలోనే. వినియోగం 'యుజ్' ధాతువు నుంచి వచ్చింది. ఒకదాన్ని ఒక పనికి పెట్టడం, వాడటం దాని అర్థం. స్తోత్రాలకు ముందు చదివే 'జపే వినియోగః' అందరూ విన్నదే.

రెండు మాటలూ 'విని'తో మొదలవడం వల్ల వచ్చిన తికమక ఇది. 'వస్తు వినిమయం' అంటే బియ్యం ఇచ్చి ఉప్పు తెచ్చుకోవడం. కొనుగోళ్ల మోజుకు ఆ పేరు పెడితే అర్థం తలకిందులవుతుంది. పైగా మీది ఆర్థిక వ్యాసం. రేపు అందులోనే 'వినిమయ విలువ' అని రాయాల్సి వస్తే ఏం చేస్తారు? ఒకే మాట ఒక పేరాలో మార్పిడికీ, మరో పేరాలో వాడకానికీ నిలబడదు. 'వినియోగ సంస్కృతి' అనండి. విమర్శ ధ్వనించాలంటే 'వస్తు వ్యామోహం' ఉండనే ఉంది.

ఇక అసలు చిక్కు. వెబ్లెన్ 1899లో 'ద థియరీ ఆఫ్ ద లీజర్ క్లాస్' అనే పుస్తకంలో చెప్పిన ఖర్చుకు లక్షణం ఒక్కటే: అది ఇతరుల కంట పడాలి, ఇతరులతో పోల్చి చూపాలి. చేత్తో చేసిన వెండి చెంచా 10 నుంచి 20 డాలర్లు, అల్యూమినియం యంత్రపు చెంచా 10 నుంచి 20 సెంట్లు, వడ్డించడానికి రెండూ ఒకటే కావచ్చు అన్నది ఆయన ఉదాహరణ. మిగతా సొమ్ము చెంచా పనికి కాదు, చూసేవాళ్లకు. 'ప్రస్ఫుటం' ఈ సంగతి చెప్పదు. స్పష్టంగా కనబడేదంతా ప్రస్ఫుటమే. కొండా ప్రస్ఫుటమే, తప్పూ ప్రస్ఫుటమే. కనబడాలనే ఉద్దేశం అందులో లేదు.

మనకున్న మాటలు తక్కువేం కాదు గాని ఒక్కొక్కటీ ఒక్కో దారి. 'విలాసం' ఒంటరిగానూ కుదురుతుంది. తలుపు వేసుకుని పట్టుపరుపు మీద పడుకున్నవాడిది విలాసమే, చూసేవాడు అక్కర్లేదు. 'షోకు' సొంత సరదా వైపు మొగ్గుతుంది. 'పటాటోపం' మొదట 'ఫటాటోపం', పాము పడగ విప్పడం. విషం లేని పామైనా పడగ విప్పాలనే శ్లోకం వల్ల 'లోపల ఏమీ లేని హంగు' అనే ఛాయ దానికి అంటుకుంది. వెబ్లెన్ చెప్పే మనిషి దగ్గర డబ్బు నిజంగానే ఉంది, నిజంగానే ఖర్చవుతోంది. కాబట్టి ఇది పొసగదు. 'ఆడంబరం' మాత్రం బాగా అతుకుతుంది. అమరకోశం దానికి వాద్యధ్వని, ఏనుగుల ఘీంకారం అనే అర్థాలు చెప్పింది. అంటే నలుగురికీ వినబడేలా చాటడం. 'ఆడంబర వినియోగం' నా ఎంపిక. మామూలు మాటల్లో 'గొప్ప కోసం ఖర్చు' అన్నా తప్పు లేదు గాని, 'ఆడంబర వ్యయం' అంటే డబ్బు లెక్కే మిగులుతుంది, వస్తువును వాడి చూపడం జారిపోతుంది.

'దుబారా' ఎందుకు కాదంటే, అది తిట్టు. హిందీలో మళ్ళీ, రెండోసారి అనే అర్థమున్న ఈ మాట తెలుగులో అనవసరపు ఖర్చు మీద నిలిచింది. వెబ్లెన్ 'వేస్ట్' అనే మాట వాడుతూనే, వాడుకలో దానికి నింద అంటుకుని ఉందని, ఇంతకంటే మంచి మాట దొరక్క వాడుతున్నానని చెప్పుకున్నాడు. ఖర్చు చేసేవాడి దృష్టిలో అది వృథా కాదు, దానివల్ల హోదా వస్తోంది. మొత్తం మానవ జీవితానికి ఒరిగేదేమీ లేదన్నంత వరకే ఆయన లెక్క. 'వృథా' అని రాసి ఈ వివరణ ఒక వాక్యంలో చేర్చండి.

'లీజర్ క్లాస్'ను 'సోమరి వర్గం' అనేవాళ్లున్నారు. అదీ పొరపాటే. లీజర్ అంటే బద్ధకం కాదని, ఉత్పత్తి లేని పనులతో కాలం గడపడమని ఆయనే తేల్చాడు. వేట, యుద్ధం, క్రీడలు చేసేవాడు సోమరి కాడు గదా. 'విశ్రాంత వర్గం' అంటే పింఛనుదారులు గుర్తొస్తారు. 'తీరిక వర్గం' మేలు. (తీరికకు సాక్ష్యాలుగా ఆయన ఇచ్చిన జాబితాలో మృతభాషలతో పాటు వర్ణక్రమం, వాక్యనిర్మాణం, ఛందస్సు కూడా ఉన్నాయి. ఈ శీర్షిక రాసేవాళ్లూ చదివేవాళ్లూ తప్పించుకోలేరు.)

డబ్బులో ఇతరులతో పోటీ పడటానికి వెబ్లెన్ పెట్టిన పేరు 'పెక్యునియరీ ఎమ్యులేషన్'. దాన్ని 'ధన అనుకరణ' చేయకండి. ఇందులో ఉన్నది ఎదుటివాడిలా ఉండటం మాత్రమే కాదు, అతణ్ణి దాటాలనే పంతం. 'ధనస్పర్ధ' చక్కగా సరిపోతుంది. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడం దీనికి కింది మెట్టు. వెబ్లెన్ నిచ్చెనలో ప్రతి వర్గమూ తన పై మెట్టును చూసే ఖర్చు పెంచుకుంటుంది.

చివరగా, మీ ఉత్తరంలో 'పెట్టుబడిదారి విధానం' అని హ్రస్వం పడింది. జమీందారు నుంచి జమీందారీ వచ్చినట్టే పెట్టుబడిదారు నుంచి పెట్టుబడిదారీ. విధానానికి విశేషణమైనప్పుడు దీర్ఘమే రాయాలి.